పరుల ఉత్తరములు, పరాయి ఊళ్ళు

దేశాటనము చేసి వచ్చినవాడు వట్టి చేతులతో గడప తొక్కరాదని మన పెద్దల నియమము. ఐనను వారు తెచ్చిన దేదియు తమ వద్ద నిలుపుకొనుటకు తెచ్చినది కాదు. కాశికేగిన యాత్రికుడు అచటి గంగను మోసికొని దక్షిణమునకు వచ్చి రామేశ్వరమున రామలింగమున కభిషేకము చేయును. సేతువు వద్ద పిడికెడు ఇసుక తీసి, ఓపిక గలవాడైనచో, మరల ఉత్తరదిశగా కొనిపోయి ప్రయాగలో గంగకు సమర్పించును. తిరుపతి ప్రసాదము ఇల్లు చేరిన దినముననే చిటికెడు చొప్పున ఇరుగుపొరుగుల కెల్ల పంచబడి, తెచ్చినవానికి డబ్బా అడుగున అంటిన నేయి మాత్రము మిగులును. దేవుని గూటిలో ఏండ్ల తరబడి కదలక కూర్చుండు వస్తువు కాశీచెంబు ఒక్కటే. మూతి అతికి తెచ్చిన ఆ చిన్న రాగిచెంబును ఎవరును విప్పరు, ఎవరికిని ఈయరు. అదియైనను అలంకారమునకై ఉంచినది కాదు. ఇంటిలో ఎవరో ఒకరికి తుదిగడియ వచ్చినపుడు తులసిదళముతో గొంతున పోయుటకై వేచియున్న నీరది. ఈ విధముగా, ఒక స్థలమునుండి తెచ్చుకొన్న గురుతునకు మన ఆచారమున ఎల్లప్పుడును ఒక గమ్యము కలదు. అది ఎవరికో చెందవలసినది, ఇంకను త్రోవలో నున్నది.

పాత పోస్టుకార్డులను, పరులు తమ యాత్రలలో తీయించుకొన్న ఛాయాచిత్రములను పోగుచేయు వ్యసనము నాకు చిరకాలముగా కలదు. ఆ పెట్టె తెరచినపుడెల్ల పై మాట మనస్సున మెదలి నన్ను కొంత ఇబ్బందిపెట్టుచుండును. ఏలయన, బొమ్మగల పోస్టుకార్డు కూడ పుట్టుకచేత అట్టి త్రోవలోని వస్తువే. ఊరు చూచినవాడు దానిని కొనును. కొని, రెండు పంక్తులు గిలికి, తపాలాపెట్టెలో వేయును. వేసిన క్షణముననే అది అతనికి పరాయిదగును. అందుకొన్నవాడు ఆ ఊరి నెరుగడు. చూచినవాని చేతిలో కార్డు లేదు. కార్డు గలవాడు చూచినవాడు కాడు. ఇద్దరికి నడుమ సమానముగా పంచబడిన ఈ లోటే ఆ అట్టముక్కకు ప్రాణము. మరి నావంటివాని స్థితి యేమి? ఆ ఊరు నేను చూచినది కాదు. ఆ ఉత్తరము నాకు వ్రాసినది కాదు. ఒకరి ఊరిని, మరియొకరి క్షేమసమాచారమును వెల యిచ్చి కొని, పెట్టెలో పెట్టి తాళము వేసికొనుచున్నాను. నడచిపోవుచున్నదానిని నడిత్రోవలో పట్టి నిలిపితినా యను శంక నన్ను విడువదు. ఆ శంకను కొంత దూరము వెంబడించి చూడవలెనని ఈ నాలుగు మాటలు.

పోస్టుకార్డునకు పుట్టినపుడు బొమ్మ లేదు. 1869 అక్టోబరు 1వ తేదీన ఆస్ట్రియా-హంగేరీ తపాలాశాఖ దీనిని లోకమున మొట్టమొదట ప్రవేశపెట్టెను. ఆ సూచన చేసిన ఇమాన్యుయేల్ హెర్మన్ అర్థశాస్త్రోపాధ్యాయుడు. నాలుగు మాటల వార్తకు ఒక కాగితము, దానికొక కవరు, ముందు వెనుకల మర్యాదవాక్యముల బారు, వీని కన్నింటికిని పూర్తి తపాలారుసుము, ఇంత వ్యయము దేనికన్నది ఆయన తర్కము. అనగా ఇది పొదుపునకై పుట్టినది. అనురాగమునకు వాహనమగుట తరువాతి మాట. పది సంవత్సరములు నిండకమునుపే, 1879 జూలై 1న, పావు అణా వెలతో అది మన దేశమునకును వచ్చెను. ఆ పావు అణా అట్టపై మనవారు ఇమిడ్చిన సంసారమును చూచినచో సూత్రకారులకు సైతము అసూయ పుట్టును. ఉభయకుశలోపరితో ఆరంభించి, వానల సంగతి, గేదె ఈనిన సంగతి, పిల్లవాని పరీక్ష, తాకట్టుపై పేరుకొన్న వడ్డీ, చెల్లెలికి వచ్చిన సంబంధము, అన్నియు చెప్పి, చోటు చాలక అంచుల వెంబడి చుట్టు తిరిగి, తుదకు మిగత సంగతులు ముఖతా మనవి చేసికొందునని సెలవు తీసికొనుట మనవారికే చెల్లినది. ఇందులో గోప్యమనునది లేదు. చదువురాని ఇంట పోస్టుమానే అరుగుమీద కూర్చుండి బిగ్గరగా చదివి వినిపించెడివాడు. వీధి వీధంతయు వినెడిది.

చదువుట ముగిసిన పిదప ఆ కార్డు ఇనుపతీగకు ఎక్కును. దూలమునకు వ్రేలాడు ఆ కొక్కెపుతీగను ఎరిగినవారు ఇంకను కొందరుందురు. వచ్చిన ఉత్తరమునెల్ల నడుమ పొడిచి గుచ్చుటయే ఆనాటి దస్తావేజుశాల. అందుచేత నా వద్దనున్న తెలుగు కార్డులలో పెక్కింటికి నడిబొడ్డున ఒక తుప్పుచిల్లు కలదు. అది ఏదో ఒక అక్షరమును మింగియే యుండును. ఐతే చావుకబురు మోసికొనివచ్చిన కార్డు మాత్రము తీగ నెక్కదు. దానిని చదివినవెంటనే చింపి గడప వెలుపల పారవేయవలెను, అట్టిది ఇంట నుండరాదు. దీని ఫలితమును నేను చాల కాలమునకు గాని గుర్తింపలేదు: నా సంచయమున పుట్టుకలు కలవు, పెండ్లిండ్లు కలవు, జ్వరములు సైతము కలవు, మరణము లేదు. కేవలము ఈ కార్డులను చదివి చరిత్ర వ్రాయబూనినవాడు ఆ కాలపు తెలుగుదేశమున ఎవరును చనిపోలేదని నిర్ణయింపవలసి వచ్చును. జ్ఞాపకమునకై ఉంచుకొన్న వస్తువులను నమ్ముకొని గతమును ఊహించువారందరును ఈ ప్రమాదమును మనస్సున నుంచుకొనుట మేలు. మిగిలినది, మిగులదగినదని ఎవరో ఎంచినది మాత్రమే.

బొమ్మ వచ్చిచేరినది ఐరోపాలో. 1889 నాటి పారిసు ప్రదర్శనమున ఐఫెల్ గోపురము ముద్రించిన కార్డులు దానిపైనుండియే పంపుకొను వేడుక ప్రబలిన తరువాత, ప్రతి పట్టణమును తన ముఖమును అచ్చువేయించుకొనుట కెగబడినది. ఆ తొలినాళ్ళ తపాలానిబంధనల ననుసరించి చిరునామా వైపున మరియొక అక్షరము వ్రాయరాదు. కావున చెప్పవలసిన మాట ఏదైనను బొమ్మ వైపుననే, బొమ్మ విడిచిన చోటనే వ్రాయవలెను. గోపురము ప్రక్కన, నదికి దిగువన, తరచుగా ఆకాశమున. నిర్మలమైన ఆకాశముగల కార్డునకు ఆ దినములలో గిరాకి హెచ్చుగా నుండెడిదేమో యని నా అనుమానము. 1902లో బ్రిటను వెనుకతట్టును రెండుగా చీల్చి, సగము చిరునామాకు సగము సందేశమునకు ఇచ్చెను. ఫ్రాన్సు, జర్మనీ కొలది సంవత్సరములలో అనుసరించినవి. అమెరికా 1907లో చేరినది. అటుపిమ్మట బొమ్మ తన వైపునంతయు ఆక్రమించినది, మాట వెనుకకు పోయినది. ఇది తపాలాశాఖవారి చిన్న సవరణయే కావచ్చును; కాని ఆకాశముపై చేతివ్రాత గల కార్డును పట్టుకొన్నపుడు, ఒక ఊరును ఒక మనిషియు ఒకే ముఖమున కనిపించుచుండగా కలుగు తృప్తి, తరువాతి కార్డులు ఎంత సొగసైనవైనను నాకు కలిగింపజాలవు.

మన వైపు కార్డులలో మద్రాసువి విస్తారము. హిగ్గిన్‌బాథమ్సువారు ప్రకటించినవి, వీలె అండు క్లైన్ అను ఛాయాచిత్రకారులు తీసినవి, లండనునుండి రఫేల్ టక్ కంపెనీవారు పంపినవి. మౌంటు రోడ్డు, హైకోర్టు, సముద్రతీరము, మేకన్నదే లేకుండ కొబ్బరిపీచు త్రాటితో పలకలను కుట్టి కట్టిన మసూలా పడవ కెరటము నెక్కుచున్న దృశ్యము. వీనిలో రంగుల కార్డుల వెనుక సన్నని అక్షరములతో సాక్సనీలో ముద్రితమని కాని, జర్మనీలో ముద్రితమని కాని తరచుగా కనిపించును. మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వము లోకమున అమ్ముడుపోయిన చక్కని కార్డులలో చాలభాగము ఆ దేశపు అచ్చుకూటములలో తయారైనవే. తీసిన చిత్రము నలుపు తెలుపు. దానికి రంగు దిద్దినవాడు మద్రాసు ఎండ నెన్నడు చూచినవాడు కాడు, చీరయంచు నెరుగడు, వేపచెట్టు పచ్చదనమునకును కొబ్బరిచెట్టు పచ్చదనమునకును గల భేదము నెరుగడు. అతడు తన దేశపు సాయంకాలమును తెచ్చి మన సముద్రముపై కప్పినాడు. ఆ గులాబివన్నె ఆకాశము క్రింద నిలిచిన పల్లెకారులను చూచినపుడు, ఇది ఏ ఊరు అని ప్రశ్నించుకొందును. ఫోటో తీసినవాడు చూచిన ఊరు కాదు, రంగు దిద్దినవాని ఊరు కాదు, ఆ కార్డు అందుకొన్న స్కాట్లండు గృహిణి మనస్సున వెలసిన ఊరు అంతకన్నను కాదు. ఐనను దానిని అసత్యమని త్రోసివేయుటకు నా మనస్సొప్పదు. ఎన్నడు చూడని ద్వారకను, అలకాపురిని కవులు మనకు వర్ణించిపోలేదా? వారికిని రంగులు తమ ఇంటి చుట్టుపట్లనుండియే లభించినవి.

ఒప్పుకొనజాలనిది వేరొకటి కలదు. ఈ కార్డులలో కట్టడములకెల్ల పేర్లున్నవి, మనుష్యులకు లేవు. మంగలి, చాకలి, కల్లుగీతగాడు, ఆయా, నాట్యకత్తె, బిచ్చగాడు; ఏ శంఖమునో, ఏ చేపనో చూపినట్లు క్రింద జాతినామము వేసి అమ్మినారు. అల్జీరియా స్త్రీలను ఫ్రెంచివారు ఇట్లే కార్డులకెక్కించి అమ్మిన తీరును గూర్చి మలేక్ అల్లూలా అను అల్జీరియను రచయిత 1981లో ఒక గ్రంథము వ్రాసి, ఆ కార్డులనే అందులో పునర్ముద్రించెను. పంపినవారికి తిరిగి పంపివేయుటయే తన ఉద్దేశమని ఆయన భావము. ఆ కోపము న్యాయమైనది. నా పెట్టెలోని అట్టి కార్డులను నేను చింపలేదు, అతిథులకు చూపుటయు లేదు. నిర్భయముగా కెమెరా వంక సూటిగా చూచుచున్న ఒక గీతకార్మికుని బొమ్మ కలదు. ఆ చూపును ఎదుర్కొనుట నాకు అలవాటు కాలేదు.

ఇక యాత్రికులు స్వయముగా తీయించుకొన్న ఛాయాచిత్రములు వేరు జాతికి చెందినవి. పోస్టుకార్డున మనిషి తప్పుకొని ఊరిని చూపును. యాత్రాచిత్రమున ఊరికి అడ్డముగా నిలుచుండును. తాజమహలు ముందటి పాలరాతి బల్లపై దంపతులు, ఊటీ పూలతోటలో కొత్తపెండ్లికూతురు, తిరుమలలో తాత మొదలుకొని మనుమని వరకు వరుసగా నున్నని గుండ్లతో నిలిచిన కుటుంబము. ఈ చివరిదానియందు నాకు ప్రత్యేకాభిమానము. మనుష్యులు తమ అందమును విడిచివచ్చిన వెంటనే, ఆ విడిచివేతనే గురుతుగా చిత్రము తీయించుకొను నాగరకత ఇంకెక్కడనైన కలదో లేదో నేను చెప్పజాలను. తిరునాళ్ళలో వెలయు స్టూడియోలు మరొక అడుగు ముందుకు పోయినవి. అచట తెరపై తాజమహలు చిత్రింపబడియుండును, అట్టతో కోసిన విమానముండును. విమానపు కిటికీనుండి తల బయటపెట్టి నవ్వుచున్న రైతుదంపతుల చిత్రమొకటి నా వద్ద కలదు. వారు ఎక్కడికిని పోలేదు. పోవలెనన్న కోరిక మాత్రము వారిదే, అది అచ్చముగా చిత్రమున పడినది.

స్థలమైనను స్థిరముగా నున్నదా యనిన, అదియు లేదు. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల విజయపురి శిథిలములను 1954 మొదలు 1960 వరకు పురావస్తుశాఖవారు త్రవ్వి, కొలిచి, చిత్రములు తీసి, కొన్నింటిని కొండమీదికిని, కొన్నింటిని అనుపు వద్దకును తరలించిరి. తక్కినది నాగార్జునసాగర జలాశయగర్భమున నున్నది. ఆ లోయ చిత్రమును చూచుచున్నపుడు పడవలో పోవుచు క్రిందికి చూచుట యెట్లో అట్లే యుండును. అటువంటి చోటికి సంబంధించినంత వరకు చిత్రము గురుతు కాదు, స్థలమే అది. పోయి సరిచూచుకొనుటకు వేరొక చోటు లేదు.

దాచుటను గూర్చి నేను మొదట లేవదీసిన శంకకు, సేకర్తల చరిత్రలోనే ఒక చిత్రమైన సమాధానము కనిపించుచున్నది. రఫేల్ టక్ కంపెనీవారు తమ అచ్చుబొమ్మల మూలచిత్రములను, దస్తరములను లండనునందలి తమ భవనమున సంవత్సరముల తరబడి భద్రపరచుకొనిరి. 1940 డిసెంబరు 29వ తేదీ రాత్రి జర్మను విమానముల బాంబులకు ఆ భవనము కాలి, అన్నియు బూడిదయైనవి. వారి కార్డులలో అనేకము పూర్వము జర్మనీలోనే ముద్రితమైనవనుట తలచుకొనదగిన విషయము. 1863లో భారతదేశమునకు వచ్చి, హిమాలయముల కనుమలకు కూలీల వీపులపై గాజుపలకలను మోయించి, 1870లో స్వదేశమునకు మరలిపోయిన సామ్యూల్ బోర్న్ పేరుతో కలకత్తాలో వెలసిన బోర్న్ అండు షెపర్డు చిత్రశాలకు 1991లో నిప్పంటుకొని, అచటి పాతచిత్రముల భాండారము చాలవరకు నశించెను. 2016లో ఆ దుకాణమే మూతపడెను. ఐనను టక్‌వారి కార్డులు నేడు లోకమంతటను దొరకుచున్నవి, బోర్న్ చిత్రములు ఎన్నియో దేశముల గ్రంథాలయములలో నున్నవి. దాచుకొన్నవి కాలినవి; అమ్మినవి, పంపినవి, చేయిదాటిపోయినవి మాత్రము బ్రతికినవి.

ఈ మాట మన ఏనుగుల వీరాస్వామయ్య విషయమునను నిజమే. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఆ మహానుభావుడు 1830 మే నెలలో కాశికి బయలుదేరి, మరుసటి సంవత్సరము సెప్టెంబరులో తిరిగి వచ్చు నంతవరకు, దారిలోని ఊళ్ళను, ఏళ్ళను, సత్రములను, వెలలను, ఆచారములను వ్రాసి, మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళెగారికి పంపుచుండెను. 1836లో వీరాస్వామయ్య గతించెను. ఆ మిత్రుడు భద్రపరచిన వ్రాతలే 1838లో కాశీయాత్రచరిత్రగా అచ్చైనవి. పారిసులో డాగెర్ తన ఛాయాచిత్రవిధానమును లోకమునకు వెల్లడించినది ఆ మరుసటి సంవత్సరము, 1839. కెమెరా లేని యాత్రలలో కడపటి తరమునకు చెందిన ఆ గ్రంథమున ఒక్క బొమ్మయు లేదు, ఐనను ఊళ్ళన్నియు కనబడును. అది మనకు దక్కినదనిన, యాత్రికుడు తనకై వ్రాసికొనక మరియొకరికి వ్రాయుటచేతనే.

ఇంతమాత్రముచేత దాచుట తప్పని నేననను. రాజా దీనదయాళు రూర్కీలో ఇంజనీరింగు చదివి, కెమెరా చేపట్టి, ఆరవ నిజాము మహబూబు అలీఖాను ఆస్థానమున చిత్రకారుడై, 1905లో స్వర్గస్థుడైన పిమ్మటను ఆయన గాజుపలకలు కుటుంబమువారి వద్ద నిలిచినవి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు 2,857 పలకలను స్వీకరించిరి. ఫ్రాన్సులో ఆల్బర్ట్ కాన్ అను కోటీశ్వరుడు లోకమునందలి అనేక దేశములకు ఛాయాచిత్రకారులను పంపి, రంగుల గాజుపలకలు 72,000 వరకు కూడబెట్టి, 1929 నాటి ఆర్థికపతనమున సర్వమును పోగొట్టుకొనెను. ప్రభుత్వము చేపట్టుటచే ఆ పలకలు నేటికిని బులోన్ పట్టణమున నున్నవి. రంగు వేసిన బంగాళదుంపపిండి రేణువులతో చేసిన ఆ పలకకు నకలు లేదు, దానిని తపాలాలో పంపుటకు వీలులేదు. దాచుట తప్ప దానికి గతి లేదు. కాని ఇవి రాజులకు, ధనికులకు, సంస్థలకు చెల్లిన మాటలు. సామాన్యుని జ్ఞాపకమునకు కళాకేంద్రము రాదు. పెద్దవారు పోయిన ఇంట అటక దులిపిన దినమున, ఉత్తరములు, ఫోటోలు, పాత పంచాంగములు అన్నియు ఒకే మూటగా పాతకాగితములవాని తక్కెడలోనికి ఎక్కును. 1985లో అగ్నికి ఆహుతియగువరకు మద్రాసులో మూరుమార్కెట్టునందును, హైదరాబాదున ఆదివారములయందు ఆబిడ్సు కాలిబాటలమీదను ఎందరి తాతమ్మల కుశలప్రశ్నలో రద్దీకాగితములలో కలిసి నావంటివారి చేతికి వచ్చినవి. నాకు ముందుగా తపాలాబిళ్ళల సేకర్తలు వచ్చియుందురు. వారు మూల కత్తిరించుకొని పోవుదురు. ఆ కత్తిరింపుతో వెనుకనున్న పంక్తి సగము తెగిపోవును. ఒక వ్యసనపరుడు మరియొక వ్యసనపరుని నిందించుట సభ్యత కాదు గాని, ఇది మాత్రము నాకు క్షమింపరానిదిగా తోచును.

గోదావరిపై హేవ్‌లాక్ వంతెన బొమ్మగల కార్డొకటి నా వద్ద నుండెడిది. 1900లో రైళ్ళకు తెరచి, 1997లో విశ్రాంతి యిచ్చిన ఆ వంతెన కొరకే దానిని కొంటిని. రాజమహేంద్రవరమునుండి వచ్చిన ఒక వృద్ధునికి చూపగా, ఆయన వంతెనను చూడనేలేదు, అంచున అస్పష్టముగా కనిపించు రేవుపై వ్రేలు పెట్టి, “వంతెన సంగతి అలా ఉంచండి బాబూ, ఈ మెట్లు చూడండి. మా నాన్నగారు నాకు ఈత నేర్పింది ఇక్కడేనండీ” అనెను. కార్డు ఆయనకే ఇచ్చివేసితిని. ఇచ్చిన మరునాటినుండి అది నాకు కావలెననిపించిన మాట వాస్తవము. కాని ఎవరో ఎవరికో పంపిన ఆ కార్డు అసలు చిరునామా చేరినది ఆ దినముననే యని నా నమ్మకము. సేకర్త అనువాడు గమ్యము కాడు, నడిమి మజిలీ. సత్రపు కాపలాదారు బాటసారులను తనవారనుకొనరాదు. పెట్టెలో మిగిలినవానిలో ఏ ఊరిది ఆ ఊరి గ్రంథాలయమునకు చేర్చవలెనని నిశ్చయించి, చిట్టా వ్రాయనారంభించితిని.

ఆ చిట్టా వ్రాయునపుడు నన్ను అన్నింటికన్న హెచ్చుగా బాధించినది వెనుకతట్టు ఖాళీగా నున్న ఛాయాచిత్రములు. ఎవరో సముద్రపు టొడ్డున నవ్వుచున్నారు. ఏ సముద్రమో, ఎవరో, ఎప్పుడో తెలియదు. నేటి ఫోనులలో వేలకొలది చిత్రములు తీయువారికి ఈ మాట మరింత వర్తించును గాని, వారి సంగతి వారు చూచుకొందురు. కాగితపు చిత్రములు ఇంట నున్నవారికి నా మనవి. చెమ్మ తగులని చోట వానిని ఉంచుడు. జిగురుపుటల ఆల్బములనుండి, చినుగకుండ వచ్చునంతవరకు, తీసివేయుడు. 1970 ప్రాంతపు రంగుఫోటోలు ఇప్పటికే ఎఱ్ఱవారుచున్నవి, వెలుతురున వ్రేలాడదీయకుడు. కార్డుపైని తపాలాబిళ్ళను కత్తిరింపకుడు. ఇంటిలోని పెద్దవారు బొమ్మలోని వారిని గుర్తుపట్టగలిగియున్న ఈ దినములలోనే వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ప్రతిదాని వెనుకను ఊరు, సంవత్సరము, ఉన్నవారి పేర్లు వ్రాయుడు. బాల్‌పెన్నుతో వ్రాసిన గీతలు ముందువైపునకు ఉబికి వచ్చును. మెత్తని పెన్సిలు చాలును.